మహిళా డైరెక్టర్లకు ఆడిట్ కమిటీ ఇవ్వండి, సీఎస్సార్ సంగతి తర్వాత

ఏటా వర్షాకాలంలో మన హైదరాబాద్ కంపెనీల వార్షిక నివేదికలు ఒకదాని వెంట ఒకటి బయటికొస్తాయి. లాభమెంత, డివిడెండ్ ఎంత, చైర్మన్ గారు ముందుమాటలో ఏం రాశారు, ఇంతవరకు చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు. నేను ముందుగా తిప్పేది వేరే పేజీ. కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్టులో ఒక పట్టిక ఉంటుంది, ఏ డైరెక్టరు ఏ కమిటీలో ఉన్నారు, ఎన్ని సమావేశాలకు వచ్చారు అని. అందులో మహిళల పేర్లు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతే, కంపెనీ ఏదైనా కానీ, ఎక్కువసార్లు సీఎస్సార్ కమిటీ, అంటే కంపెనీ సామాజిక సేవకు పెట్టే ఖర్చు చూసే కమిటీ, దగ్గరే ఆగాల్సి వస్తుంది. లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ కమిటీలో మగవాళ్లు, పెద్ద పదవుల నియామకాలు, జీతాలు చూసే నామినేషన్ కమిటీలో మగవాళ్లు, బడికి బెంచీలు కొనే కమిటీకి మాత్రం మేడమ్. పెళ్లి మాటలప్పుడు ఆడవాళ్ల చేతికి పసుపు కుంకుమల పళ్లెం ఇచ్చి, డబ్బు మాటలు మగవాళ్లు లోపలి గదిలో మాట్లాడుకున్నట్టే ఉంది ఇది.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తాను. బోర్డులో మహిళ ఉందా లేదా అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. ఆమె ఏ కమిటీలో కూర్చుంది, ఆమె ముందుకు ఏ కాగితాలు వస్తున్నాయి, ఆమె వద్దంటే ఆగేది ఏదైనా ఉందా, ఇప్పుడు అడగాల్సింది ఇదీ. సీఎస్సార్ కమిటీ నుంచి కంపెనీని ఎవరూ మార్చలేరు.

చట్టం సంగతి మీకు తెలిసిందే. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం స్టాక్ మార్కెట్‌లో ఉన్న (లిస్టెడ్) కంపెనీలన్నీ, 100 కోట్ల పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు పెట్టిన మూలధనం) గానీ 300 కోట్ల టర్నోవర్ గానీ ఉన్న పబ్లిక్ కంపెనీలు కనీసం ఒక మహిళను డైరెక్టర్‌గా పెట్టుకోవాలి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మొదట 2014 అక్టోబర్ 1 గడువు పెట్టింది, తర్వాత 2015 ఏప్రిల్ 1కి జరిపింది. గడువు ముంచుకొచ్చేసరికి దేశమంతా ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టిన యజమానుల, భార్యలు, కూతుళ్లు, కోడళ్లు బోర్డుల్లోకి వచ్చారు. ఇలా కాదని సెబీ వేసిన కోటక్ కమిటీ 2017లో చెప్పిన మీదట, టాప్ 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, టాప్ 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి కనీసం ఒక మహిళా ఇండిపెండెంట్ డైరెక్టర్ (ప్రమోటర్‌తో సంబంధం లేని బయటి డైరెక్టర్) ఉండాలన్నారు. సీఎస్సార్ కూడా ఆ 2013 చట్టంలోదే, 135వ సెక్షన్. నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి.

రెండు నిబంధనలూ ఒకే చట్టంలో పుట్టి, ఒకే సమయంలో అమల్లోకి వచ్చాయన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2014లో ఏ కంపెనీ సెక్రటరీనైనా ఊహించుకోండి. ఒకపక్క ఒక మహిళను వెతకాలి, ఇంకోపక్క ఎప్పుడూ లేని కొత్త కమిటీ ఒకటి వేయాలి. పాత కమిటీల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, ఎవర్నీ లేవమని అనలేరు. కొత్త కమిటీ ఖాళీగా ఉంది, కొత్త డైరెక్టర్ కూడా వచ్చారు. ఇంకేం, రెండు అవసరాలూ ఒక్క తీర్మానంతో తీరిపోయాయి. ఎవరో కుట్ర చేశారని నేను అనను. కానీ అప్పుడు సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు ఇప్పుడు ఆచారమైపోయింది. ‘ఆడవాళ్లకు సేవా దృక్పథం ఎక్కువ, ఆ కమిటీ వాళ్లకే బాగుంటుంది’ అని దానికి ఒక సమర్థన కూడా తోడైంది. నాకు ఒళ్లు మండేది ఈ సమర్థన వింటేనే. చార్టర్డ్ అకౌంటెంటుగా ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని తీసుకొచ్చి, మొక్కలు నాటే కార్యక్రమానికి చైర్‌పర్సన్ చేయడం గౌరవం ఎలా అవుతుంది?

కుటుంబం నుంచి వచ్చిన మహిళలంతా డమ్మీలని కూడా నేను అనడం లేదు. మన ఊళ్లోనే చూడండి. బయోలాజికల్ ఇ నడిపేది మహిమా దాట్ల, కుటుంబ సంస్థే, కానీ కోర్బెవ్యాక్స్ లాంటి టీకా తెచ్చిన సంస్థను నడపడం పేరుకు కూర్చుంటే అయ్యే పని కాదు. భారత్ బయోటెక్‌లో సుచిత్ర ఎల్ల మొదటి రోజు నుంచీ సహ వ్యవస్థాపకురాలు. చెన్నైలో మొదలైన అపోలోలోనూ ప్రతాప్ రెడ్డి గారి నలుగురు కూతుళ్లూ ఆసుపత్రుల వ్యాపారాన్ని చేతులతో నడిపినవాళ్లు. వీళ్ల ముందుకు లెక్కలు వస్తాయి, సంతకం పెట్టకపోతే పని ఆగుతుంది. తేడా చుట్టరికంలో లేదు, చేతిలో ఉన్న ఫైల్లో ఉంది.

అవతలి వాదన కూడా విన్నాను. అర్హతను బట్టి తీసుకోవాలి గానీ ఆడ, మగ అని చూడడమేంటి, అంతమంది అనుభవం ఉన్న మహిళలు దొరకొద్దూ, కోటా పెడితే ఉన్న నలుగురినే పది బోర్డుల్లో తిప్పుతారు, పైగా మహిళలుంటే లాభాలు పెరుగుతాయని ఖాయంగా తేల్చిన లెక్క లేదు. చివరి మాట నిజమే, పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. అయితే మగ డైరెక్టర్లుంటే లాభాలు పెరుగుతాయని ఎవరు తేల్చారు? ఆ పరీక్ష వాళ్లకెప్పుడూ పెట్టలేదే. అర్హత గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లు బావమరిదినీ, కాలేజీ స్నేహితుడినీ, రిటైరైన తెలిసిన ఆఫీసర్‌నీ బోర్డులోకి తెచ్చినప్పుడు ఎందుకు నోరెత్తలేదు? నార్వే 2003లో 40 శాతం చట్టం చేసి, పాటించకపోతే కంపెనీనే రద్దు చేస్తామని గట్టిగా నిలబడితే 2008కల్లా అందరికీ మహిళలు దొరికారు. మన పంచాయతీల్లోనూ ఇదే కథ. సర్పంచ్ భర్తల గురించి మాట్లాడనివాళ్లు లేరు, అది ఉన్న మాటే. అయినా సగం సీట్లు మహిళలకు ఇచ్చాకే కదా, భర్తను పక్కన కూర్చోబెట్టి తానే అధికారులతో మాట్లాడే సర్పంచులు కూడా ఊరూరా కనబడుతున్నారు.

ఇప్పుడు హైదరాబాద్ బోర్డుల గురించి మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్ గురించి మాట్లాడకుండా ఉండలేం. చాలామంది దాన్ని దొంగ లెక్కల కథగానే గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం అది ఈ వ్యాసంలోని రెండు విషయాలనూ, బోర్డులో మహిళనూ కంపెనీ సేవా కార్యక్రమాలనూ, పక్కపక్కనే పెట్టి చూపించిన కథ.

సేవ సంగతి ముందు చూద్దాం. సీఎస్సార్ చట్టం రాకముందే సత్యం చైర్మన్ రామలింగరాజు కుటుంబం బైర్రాజు ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో మంచినీళ్ల ప్లాంట్లు, ఆరోగ్య కేంద్రాలు నడిపింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ వెనక ఉన్నదీ వాళ్లే. ఆ 108 ఎంతమంది గర్భిణులను, ఎంతమంది యాక్సిడెంట్ బాధితులను కాపాడిందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, చేతులు మారి ఈ రోజుకీ తిరుగుతోంది. అది అబద్ధపు సేవ కాదు, నిజమైన సేవే. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఆ నిజమైన సేవ నడుస్తున్న రోజుల్లోనే బ్యాంకులో లేని డబ్బు 5 వేల కోట్ల పైచిలుకు ఉన్నట్టుగా పుస్తకాల్లో రాస్తున్నారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే కాలంలో. కాబట్టి ‘మా కంపెనీ ఇంత సేవ చేస్తోంది’ అని ఎవరైనా చెప్తే, సంతోషం, కానీ దాన్నిబట్టి లెక్కల గురించి ఏమీ తెలియదు అనే మొదట అనుకోవాలి.

ఇక బోర్డు. 2008 డిసెంబర్ 16న మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకొచ్చింది. మేటాస్ అంటే రాజు గారి కొడుకుల కంపెనీలు, పేరు తిరగేసి చదివితే సత్యం. ఇంతకన్నా కళ్లకు కట్టినట్టున్న రిలేటెడ్ పార్టీ లావాదేవీ (సొంతవాళ్లతో కంపెనీ చేసే వ్యవహారం) ఇంకోటి ఉండదు. బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్ డీన్, పెంటియం చిప్ తయారీలో పేరు పొందిన ఇంజినీరు, కేంద్ర ప్రభుత్వ క్యాబినెట్ సెక్రటరీగా చేసినాయన. ఒక్క మహిళ, మంగళం శ్రీనివాసన్. ప్రతిపాదన ఏకగ్రీవంగా పాసైంది. పెట్టుబడిదారులు భగ్గుమనేసరికి కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఇండిపెండెంట్ డైరెక్టర్లలో అందరికంటే ముందు రాజీనామా చేసింది మంగళం శ్రీనివాసన్. ఆ డీల్ మీద తనకు అభ్యంతరాలున్నా వ్యతిరేకంగా ఓటు వేయనందుకు కొంత తప్పు తనదీ ఉందని ఆమె రాజీనామా లేఖలోనే రాశారు. 2009 జనవరి 7న దొంగ లెక్కలను ఒప్పుకుంటూ రాజు గారి ఉత్తరం బయటికొచ్చింది, మిగతా కథ మీకు తెలుసు.

ఈ ఉదంతాన్ని చూపించి ‘చూశారా, మహిళ ఉన్నా ఏం ఒరిగింది’ అనేవాళ్లుంటారు. నేను సరిగ్గా దీనికి ఎదురుగా చదువుతాను. అనుమానం ఆమెకు వచ్చింది. వచ్చిన అనుమానాన్ని ఓటుగా మార్చడానికి ఆ గదిలో తోడు లేదు. తొమ్మిది మంది కూర్చున్న చోట, అందులో ముగ్గురు కంపెనీ లోపలివాళ్లే అయినప్పుడు, పేరుమోసిన పండితులంతా తలూపుతున్నప్పుడు, ఒక్క మనిషి ‘నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి’ అనడానికి ఎంత గుండె కావాలో మీ కాలనీ అసోసియేషన్ మీటింగులో ఒకసారి ప్రయత్నించి చూడండి. అదే ఇద్దరుంటే? ఒకరు అడిగిన ప్రశ్నను ఇంకొకరు ‘అవును, దీనికి జవాబు కావాలి’ అంటే చాలు, చైర్మన్ తర్వాతి అంశానికి వెళ్లలేడు. ముగ్గురుంటే వాళ్లు ‘మహిళా డైరెక్టర్లు’గా కాకుండా మామూలు డైరెక్టర్లుగానే మాట్లాడతారు. మన చట్టం ఒక్కరి దగ్గర ఆగిపోవడమే దాని అసలు లోపం. 2013కు ముందు పది శాతం కూడా లేని మహిళల వాటా ఇప్పుడు ఐదో వంతు దగ్గరికి వచ్చింది, మంచిదే, కానీ ఆ లెక్క దేశం మొత్తం మీద సగటు. గదిలోకి వెళ్లి చూస్తే ఇంకా ఎక్కువచోట్ల ఆమె ఒక్కతే.

ఆడిట్ కమిటీయే ఎందుకు అంటే, మన తెలుగు కంపెనీల నిర్మాణం అలాంటిది. ఫార్మా గానీ, ఇన్‌ఫ్రా గానీ, సిమెంటు గానీ, ఎక్కువ భాగం కుటుంబాలు కట్టినవే. అన్న పేరు మీద ఒక కంపెనీ, తమ్ముడి పేరు మీద ఇంకోటి, వియ్యంకుడి స్థలంలో గోడౌను, దాని అద్దె లిస్టెడ్ కంపెనీ కడుతుంది. అవన్నీ తప్పని కాదు, కానీ ప్రతిదాన్నీ ఎవరో ఒకరు ‘ఈ అద్దె బజారు రేటుకే ఉందా’ అని అడగాలి. ఆ అడిగే చోటు ఆడిట్ కమిటీ. 2022 నుంచి ఇలాంటి లావాదేవీలకు ఆ కమిటీలోని ఇండిపెండెంట్ డైరెక్టర్లే ఆమోదం ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అంటే ప్రమోటర్‌కు అడ్డం చెప్పే అధికారం ఇంత స్పష్టంగా ఉన్న కుర్చీలు కంపెనీ మొత్తంలో ఆ రెండో మూడో. ప్రమోటర్‌తో కలిసి చదువుకోని, కలిసి క్లబ్బుకు వెళ్లని, ఏ వియ్యానికీ కయ్యానికీ సంబంధం లేని మనిషి ఆ కుర్చీలో ఉండాలి. మన ఊళ్లో ఆ మగవాళ్ల స్నేహాల బయట ఉన్నది ఎవరు? ఎక్కువగా మహిళలే. వాళ్లు పుట్టుకతో నిజాయితీపరులని నేను అనను, ఆ వలయంలో వాళ్లను ఎప్పుడూ రానివ్వలేదు కాబట్టి వాళ్లకు మొహమాటం తక్కువ అంటాను.

సీఎస్సార్ కమిటీ సంగతికొస్తే, అది చెడ్డదని కాదు. 2022-23లో దేశవ్యాప్తంగా కంపెనీలు దాదాపు 30 వేల కోట్లు సీఎస్సార్ కింద ఖర్చు చేశాయి, చిన్న మొత్తం కాదు. కానీ దాని పరిధి చూడండి. అది చూసేది లాభంలో 2 శాతం. మిగతా వ్యాపారం ఎలా నడుస్తోంది, లాభం ఎలా వచ్చింది అన్నది దాని ముందుకు రాదు. పైగా 2021 నిబంధనల ప్రకారం సొంత ఉద్యోగుల కోసం పెట్టే ఖర్చు సీఎస్సార్ కిందికి రాదు. సబబైన నిబంధనే, లేకపోతే ఆఫీసులో ఏసీ పెట్టి సేవ అనేవాళ్లు. కానీ దాని ఫలితంగా సీఎస్సార్ కమిటీలో కూర్చున్న మహిళా డైరెక్టర్‌కు తన కంపెనీలో పనిచేసే ఆడవాళ్ల గురించి అడిగే సందు కూడా అక్కడ ఉండదు.

రాయదుర్గం మెట్రో స్టేషన్ దాటాక ఒక పెద్ద ఆఫీసు టవర్‌కు పనిమీద వెళ్లాను. లాబీలో నిలువెత్తు బోర్డు, జిల్లాలోని ప్రభుత్వ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించిన ఫోటోలు, రిబ్బన్ పట్టుకున్న పిల్లలు. పార్కింగ్ కోసం కింది బేస్‌మెంట్‌లోకి దిగితే, జనరేటర్ గది పక్కన అట్టముక్కలు పరుచుకుని హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు అన్నం తింటున్నారు. పొద్దున్నే సిటీ బస్సెక్కి వచ్చినవాళ్లు. ఒకామె టిఫిన్ డబ్బా మూతలో పచ్చడి వేసి పక్కామెకు తోస్తోంది. పైన అంతస్తుల్లో టాయిలెట్లు కడిగేది వాళ్లే, వాడుకోవడానికి మాత్రం ఈ కిందికే రావాలట, ఇక్కడున్నది డ్రైవర్లకూ వాళ్లకూ కలిపి ఒకటే. ‘లిఫ్టులో కూడా ఎక్కనియ్యరు సార్, సర్వీసు లిఫ్టు ఖరాబైతే మెట్లే’ అంది ఒకామె, ఫిర్యాదులా కూడా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టుగా. ఆ మరుగుదొడ్ల ఫోటో అబద్ధం కాదు. కానీ ఈ ఆడవాళ్లు ఏ కమిటీ కిందికి వస్తారు? కాంట్రాక్టరు మనుషులు కాబట్టి కంపెనీ ఉద్యోగుల లెక్కలో లేరు, ఆఫీసులోనే ఉన్నారు కాబట్టి సమాజం లెక్కలోనూ లేరు. కాంట్రాక్టు షరతులు రాసే చోట ‘విశ్రాంతి గది, టాయిలెట్ ఇవ్వాలి’ అని ఒక్క వాక్యం చేరిస్తే పని అయిపోతుంది. అది సేవ కాదు, టెండరు. అందుకే అంటున్నాను, అధికారం టెండర్ల దగ్గర ఉంది, రిబ్బన్ల దగ్గర లేదు.

ఇలాంటివి ఎన్నైనా చెప్పొచ్చు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది) ఉండాలని 2017లో మెటర్నిటీ చట్టానికి సవరణ వచ్చింది. ఉందా అని అడగాల్సింది బోర్డు. పెద్ద లిస్టెడ్ కంపెనీలు తమ సామాజిక, పర్యావరణ బాధ్యతల మీద ఇచ్చే బీఆర్ఎస్ఆర్ నివేదికలో మొత్తం జీతాల్లో మహిళలకు ఎంత శాతం వెళ్లిందో చెప్పే గడి ఉంటుంది, ఆ అంకె ఎందుకు అంత తక్కువుందని అడగాల్సింది నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ప్లాంటులో పేలుడు జరిగి 40 మందికి పైగా పనివాళ్లు చనిపోయారు. అలాంటి ప్లాంట్లలో యంత్రాల వయసెంత, షిఫ్టులో ఎంతమంది ఉన్నారు, పరిసర గ్రామాల బోర్లలో ఏ నీళ్లు వస్తున్నాయి అన్నవి రిస్క్ కమిటీ ముందుకు రావాల్సిన ప్రశ్నలు. పటాన్‌చెరు వైపు నక్కవాగు పక్క ఊళ్ల ఆడవాళ్లు దశాబ్దాలుగా ఆ నీళ్ల గోస పడ్డారు. బోరు పాడయ్యాక ఆర్వో ప్లాంటు ఇవ్వడం సీఎస్సార్, బోరు పాడవకుండా చూడడం పాలన. నాకు రెండోది కావాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, నిజానికి నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బోర్డులకు తగిన మహిళలు దొరకరు అనేవాళ్లు ఏ మహిళల వైపు చూసి ఆ మాట అంటున్నారు? తెలుగు నేల మీద గత ముప్పై ఏళ్లుగా లక్షలాది ఆడవాళ్లు ప్రతి నెలా బోర్డు మీటింగ్ పెట్టుకుంటున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల ఊపుతోనే పొదుపు ఉద్యమం లేచింది, డ్వాక్రా సంఘాలయ్యాయి, వెలుగు అయ్యాయి, ఇందిరా క్రాంతి పథం అయ్యాయి. ఇవాళ ఒక్క తెలంగాణలోనే నాలుగు లక్షలకు పైగా సంఘాలున్నాయి. వాళ్ల పంచసూత్రాలు చూడండి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. కార్పొరేట్ గవర్నెన్స్ అని మనం ఐదు వందల పేజీల్లో రాసుకునేదాని సారం ఇంతకన్నా ఏముంది?

సంగారెడ్డి జిల్లాలో ఒక గ్రామ సంఘం సమావేశంలో కూర్చున్నాను. చాప మీద గుండ్రంగా కూర్చున్నారు, బుక్ కీపర్ అమ్మాయి పోయిన నెల తీర్మానాలు చదివింది. అప్పుల దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షురాలి ఆడబిడ్డ పేరు రెండోసారి వచ్చింది, గేదె కోసం. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూలనున్న ఒకామె, చదువు కూడా పెద్దగా వచ్చినట్టు లేదు, ‘బుక్కు తియ్యక్కా, పోయినసారి తీస్కున్నది ఎంత కట్టిందో సూద్దాం’ అంది. బుక్కు తీశారు. రెండు వాయిదాలు బాకీ. అధ్యక్షురాలి ముఖం మాడిపోయింది, కానీ ఆమే ‘ముందు అవి కట్టినంకనే’ అని చెప్పి తర్వాతి పేరుకు వెళ్లింది. ఆ రోజు అక్కడ జరిగింది రిలేటెడ్ పార్టీ లావాదేవీ మీద ఇండిపెండెంట్ డైరెక్టర్ ఆమోదం నిరాకరించడం. మీటింగుకింత అని ఫీజులు తీసుకున్న సత్యం బోర్డు పెద్దవాళ్లు 2008 డిసెంబర్‌లో చేయలేని పని.

2010 గుర్తుందా? హైదరాబాద్ నుంచే నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. అక్టోబరుకల్లా అప్పుల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మైక్రోఫైనాన్స్ వ్యాపారమంతా నిలబడింది పల్లె ఆడవాళ్ల అప్పుల మీద, వాళ్ల పరువు మీద. వారం వారం వాయిదా ఎంత ఉండాలి, ఒక మనిషికి ఎన్ని అప్పులు ఇవ్వొచ్చు అని నిర్ణయించే బల్ల దగ్గర ఆ ఆడవాళ్లకు కుర్చీ లేదు. ఆ మరుసటి ఏడాది, 2011లో, పొదుపు సంఘాల మండల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి పెట్టాయి. అదీ అప్పులిచ్చే సంస్థే, అదీ హైదరాబాద్‌లోనే. కానీ దాని పాలకవర్గంలో సమాఖ్యల నుంచి ఎన్నికైన పల్లె మహిళలు కూర్చుంటారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఒకటి, ఆంధ్రలో ఒకటిగా నడుస్తున్నాయి. అందులో లోటుపాట్లు లేవని కాదు, ప్రభుత్వం చేయి కూడా కొంచెం ఎక్కువే. అయినా చీరకొంగు నడుముకు దోపుకుని వచ్చి వందల కోట్ల అప్పుల విధానం మీద మాట్లాడే మహిళా డైరెక్టర్లు ఈ నగరంలో ఎప్పటినుంచో ఉన్నారు. మనం బంజారాహిల్స్‌లో వెతికి దొరకడం లేదంటున్నాం.

అందుకే సీఎస్సార్‌ను తలకిందులు చేయమంటున్నాను. ఊరికి ఏం కావాలో కంపెనీ కమిటీ నిర్ణయించి, ఊళ్లో ఆడవాళ్లతో రిబ్బన్ పట్టించడం ఇప్పటి పద్ధతి. దీన్ని మార్చి, చుట్టుపక్కల మండల సమాఖ్యలు తీర్మానం చేసి పంపిన పనులకే సీఎస్సార్ సొమ్ము అని పెట్టండి. పరిసర ప్రాంతాలకే ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్‌లో ముందే ఉంది, కొత్తగా కావాల్సింది ఆ ప్రాంతం వాళ్ల సంతకం. అప్పుడు బోర్డులోని మహిళా డైరెక్టర్ ఊరి అవసరాలు ఊహించే పని మానేసి లెక్కలు చూసే పనిలోకి వెళ్తుంది.

చట్టం వైపు నుంచి నాకు కావాల్సినవి పెద్దవేం కాదు. ఒక్కరు అన్న మాట తీసేసి మూడో వంతు అనండి. ఆడిట్ కమిటీలో, నామినేషన్ కమిటీలో కనీసం ఒక్కో మహిళా ఇండిపెండెంట్ డైరెక్టర్ ఉండాలనండి. ఈ మాట ప్రభుత్వం ముందు తనకే చెప్పుకోవాలి. ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ, గెయిల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకే బోర్డు నిబంధనలు పాటించలేదని స్టాక్ ఎక్స్ఛేంజీలు జరిమానాలు వేశాయి. నియామకాలు మా చేతిలో లేవు, ప్రభుత్వమే చేయాలి అని ఆ సంస్థలు జవాబిచ్చాయి. ప్రైవేటు వాళ్లకు రూలు పెట్టి, తన ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉంచే ప్రభుత్వం మాట ఎవరు వింటారు? జరిమానా కూడా రోజుకు 5 వేలు. వేల కోట్ల కంపెనీకి అదొక లెక్కా?

చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కూకట్‌పల్లిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, వరంగల్‌లో, విజయవాడలో ఇప్పుడు ఎంతమందికి డీమ్యాట్ ఖాతాలున్నాయో మీకు తెలుసు. 2020 నుంచి ఏజీఎంలు, అంటే వాటాదారుల వార్షిక సమావేశాలు, ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి, పది షేర్లున్నా ముందుగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చు. ఇండిపెండెంట్ డైరెక్టర్ నియామకం మీద ఫోన్‌లోనే ఈ-ఓటు వేయొచ్చు. ఈసారి మీ పేరు పిలిచినప్పుడు డివిడెండ్ ఎందుకు తగ్గిందని అడిగే ముందు, ఈ మూడు అడగండి: మన ఆడిట్ కమిటీలో మహిళలు ఎంతమంది, గత ఏడాది ఆ కమిటీ వెనక్కి పంపిన రిలేటెడ్ పార్టీ ప్రతిపాదనలు ఎన్ని, మన ఆఫీసుల్లో, ప్లాంట్లలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లకు టాయిలెట్, విశ్రాంతి గది ఎక్కడున్నాయి? జవాబు అక్కడికక్కడే రాకపోతే కంపెనీ సెక్రటరీకి అదే రోజు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా ఇమ్మనండి.